బావ పట్టుకోని అబద్ధం

ఇందులో రాసిన ప్రతి మాటా నిజం. నూకాలమ్మ తల్లి మీద ఒట్టు, నేను నడిపే బస్సు స్టీరింగు మీద ఒట్టు, నా రెండు కళ్ల మీదా ఒట్టు. మూడు ఒట్లు ఎందుకంటే, ఒక్క ఒట్టేస్తే నన్ను ఎరిగినవాళ్లు నమ్మరు. మూడేస్తే అసలే నమ్మరనుకోండి. ఎరగనివాళ్లు కూడా చదువుతారు కదా అని ఒక ఆశ.

నేను అచ్యుతాపురానికి కంపెనీ బస్సు నడుపుతాను. మందుల ఫ్యాక్టరీలో షిఫ్టులకు వెళ్లేవాళ్లను అనకాపల్లిలో ఎక్కించుకుని అక్కడ దింపుతాను, అక్కడ ఎక్కించుకుని ఇక్కడ దింపుతాను. పదిహేనేళ్లుగా అదే రోడ్డు, అవే గోతులు. అలాంటి ఉద్యోగంలో మనిషి అబద్ధాలైనా ఆడాలి, నిద్రైనా పోవాలి. డ్రైవరు నిద్రపోకూడదు కాబట్టి నేను మొదటిది ఎంచుకున్నాను.

నా కథల్లో పేరున్నది చేప కథ. శారదా నది పొంగినప్పుడు కాజ్‌వే మీద నీళ్లలోంచి బస్సు నడిపాననీ, ఒక చేప సైలెన్సర్లో దూరిందనీ, అచ్యుతాపురం చేరేసరికి అది అన్నివైపులా సమంగా వేగి బయటికి వచ్చిందనీ, షిఫ్టు వాళ్లంతా ఉప్పూ కారం చల్లుకుని తిన్నారనీ. ఈ కథకు బస్సులో నవ్వుతారు, టీ కొట్టులో నవ్వుతారు, పెళ్లి భోజనాల బంతిలో నవ్వుతారు. నవ్వకుండా వినేవాడు ఒక్కడే ఉండేవాడు. మా బావ.

బావ అంటే మా అప్ప మొగుడు. మా వైపు అక్కను అప్ప అంటాం. నాకంటే పదిహేనేళ్లు పెద్దది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. బావకు ఇప్పుడు డెబ్బై రెండు. బుచ్చయ్యపేట వైపు పల్లెలో కాస్త చెరుకు భూమి, ఒక గేదె. నేను ఆయన్ను బావా అంటే ఆయనా నన్ను బావా అనేవాడు. చిన్నప్పుడు ఆయన వేలు పట్టుకుని తిరిగినవాణ్ని బావా అని పిలవడం ఆయనకు సరదా.

చేప కథ అయ్యేదాకా నోరు మెదపకుండా వినేవాడు. ఆఖర్న నెమ్మదిగా అడిగేవాడు.

"ఆ సేపని ఎంతమంది తిన్నారు బావా?"

"పన్నెండు మంది."

"పోయినేడు సెప్పినప్పుడు ఎనిమిది మందే తిన్నారు. సచ్చినాక కూడా పెరిగిందేటి నీ సేప?"

అందరూ బావ వైపు తిరిగి నవ్వేవాళ్లు. నాకు ఒళ్లు మండేది, హాయిగానూ ఉండేది. అబద్ధాలకోరుకి కావలసింది నమ్మేవాడు కాదు. నమ్మేవాళ్లు ఊరినిండా దొరుకుతారు. పట్టుకునేవాడు కావాలి. నేను ఏ కథ ఏ ఏడాది ఎవరి దగ్గర ఎలా చెప్పానో నాకు గుర్తుండేది కాదు, బావకు ఉండేది. నా అబద్ధాలన్నీ ఆయన బుర్రలో భద్రంగా ఉండేవి. అందుకే నేను ధైర్యంగా ఆడేవాణ్ని.

ఆ బుర్రకు పేరు తెచ్చింది మాత్రం నా కథలు కాదు, పాకం. ఆ పల్లెలో అయిదారు కుటుంబాలకు కలిపి ఒకటే గానుగ పాక. ఈ రోజు ఒకరి చెరుకు ఆడితే రేపు మరొకరిది. రసం పెనంలో పోస్తారు, కాస్తారు, సున్నపు తేట వేసి మురికి తేలితే తీసేస్తారు, పాకం ముదిరాక దించుతారు. ఎవరి చెరుకైనా కావచ్చు, పొయ్యి ఎవరిదైనా కావచ్చు, 'దించండి' అనే మాట మాత్రం బావదే. మిగతా ఊళ్లలో నీళ్లలో చుక్కేసి ఉండకట్టి చూస్తారు. బావ కళ్లు మూసుకుని వినేవాడు. పాకం చప్పుడు మూడుసార్లు మారుతుందట. ముందు గలగలమని, తరవాత ముసలావిడ గొణుగుడులా, ఆఖర్న ఎవరో బురదలోంచి కాలు తీసి మళ్లీ వేస్తున్నట్టు. ఆ మూడో చప్పుడు వినగానే కళ్లు తెరిచేవాడు. 'దించండి.' నలుగురు మనుషులు పెనం దించేవాళ్లు. ఒక్క నిమిషం ముందయితే బెల్లం దిమ్మ కట్టదు, ఒక్క నిమిషం ఆలస్యమైతే మాడుతుంది. నలభై ఏళ్లు ఆ ఒక్క మాట మీద ఆ పల్లె బెల్లం వండింది.

మూడేళ్ల కింద, గానుగలు మొదలైన కొత్తలో, నా సెలవు రోజున గానుగ పాకకు వెళ్లాను. పొయ్యి ముందు పదిమంది కూర్చున్నారు. చేప కథ మొదలుపెట్టాను. బావ పట్టుకోవడానికి వీలుగా కావాలనే ఒక తప్పు పెట్టాను. చేపను పందొమ్మిది మంది తిన్నారన్నాను. ఎరవేసి కూర్చున్నవాడిలా ఆయన మొహం చూస్తూ కూర్చున్నాను.

బావ నవ్వాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు.

"సైలెన్సర్లో సేపా! తర్వాతేటయింది బావా?"

ఆయన ఏదో ఎత్తు వేస్తున్నాడనుకున్నాను. టీ తాగి వచ్చాక మళ్లీ చెప్పాను. ఈసారి నలభై మంది తిన్నారు. చేపకు మీసాలు కూడా వచ్చాయి.

"అమ్మో, అంత సేపే!" అన్నాడు బావ.

నేను గెలిచాననుకున్నాను. ఏళ్ల తరబడి నన్ను పట్టుకుంటున్న మనిషి నా చేతికి చిక్కాడు. ఆ సాయంత్రం ఈల వేసుకుంటూ అనకాపల్లి వచ్చాను. ఒక మనిషిలో ఏదో విరిగిన రోజున నేను ఈల వేశాను. ఇది మాత్రం ఎప్పుడు చెప్పినా ఇలాగే చెబుతాను, అంకెలు మారవు.

ఆ తరవాత ఆట తిరగబడింది. నేను చెప్పేవి నా కథలు కావడం మానేసి ఆయన కథలు అయ్యాయి. ఒకరోజు టీ కొట్టులో నలుగురి ముందు అన్నాను, "బావా, నీ పెల్లి రోజున ఎద్దొచ్చింది గుర్తుందా? పందిట్లోకి దూరితే నువ్వు పీటల మీంచి లేసి పారిపోతే, మా అప్ప నీ ఎనకాతల పరిగెత్తింది."

బావ కాసేపు చూశాడు. నేను తిట్టు కోసం ఎదురు చూశాను.

"అవును కదా," అన్నాడు.

రెండు వారాలు తిరక్కుండానే ఆ కథను ఆయనే చెప్పడం విన్నాను. నేను పెట్టని ముక్కలు కూడా చేరాయి. ఎద్దు ఎర్రది. మెడలో గంట ఉంది. గంట చప్పుడు వినే ఆయన ముందు లేచాడట. టీ కొట్టువాడు నవ్వలేక బెంచీ మీద కూర్చుండిపోయాడు. కథలు అల్లేవాడికి ఇంతకంటే ఏం కావాలి? నేను కల్పించినది ఒక మనిషికి జ్ఞాపకం అయిపోయింది. గర్వంగా ఉంది నాకు. నిజం, గర్వంగా ఉంది.

గానుగ ఇంజను బెల్టు తెగిందని బావ ఒక ఉదయం అనకాపల్లి బస్సెక్కి వచ్చాడు. సాయంత్రానికి సంచినిండా సపోటాలతో ఇంటికి వెళ్లాడు. బెల్టు లేదు. మర్నాడు మళ్లీ వచ్చాడు, మళ్లీ సపోటాలే. నేను టీ కొట్టులో ఊరుకున్నానా?

"మా బావ ఇంజనుకి సపోటాలు బిగిత్తాడంట! రసం తియ్యగా వత్తాదంట!"

జనం నవ్వారు. బావా నవ్వాడు, కానీ ఆయన నవ్వు ఒక క్షణం ఆలస్యంగా మొదలైంది. అందరి మొహాలూ ఒకసారి చూసి, ఇక్కడ నవ్వాలి కాబోలు అని తెలుసుకుని నవ్వాడు. అప్పుడు నేనది చూడలేదని రాయబోయాను. చూశాను.

ఆ సీజను మధ్యలో సున్నం సంగతి జరిగింది. ఆ రోజు ఆడుతున్నది పొరుగు రైతు చెరుకు. బావ సున్నపు తేట వేశాడు, మురికి తీయించాడు, చుట్ట వెలిగించాడు. చుట్ట సగం కాలాక లేచి మళ్లీ సున్నపు తేట వేశాడు. పదిమందీ చూశారు. పెద్దాయన చేసే పనిని ఎవరు ఆపుతారు? ఏదో లెక్క ఉంటుందిలే అనుకున్నారు. బెల్లం నల్లగా దిగింది.

పొరుగు రైతు దిమ్మ మీద వేలితో కొట్టి చూశాడు. "ఏటి మామా ఇది, బెల్లం వండేవా, తారు వండేవా? పొలానికి రోడ్డేసుకోమంతావా?"

"నీ సెరుకులో ఉన్నాది లోపం," అన్నాడు బావ.

"సున్నం రెండుసార్లు ఏసేవు మామా."

"నాను ఒక్కసారే ఏసేను."

బావ ఒక్కొక్కరి మొహమే చూస్తున్నాడు. నలభై ఏళ్లుగా తన మాట కోసం చెవులు రిక్కించిన మనుషులు నేల చూపులు చూస్తున్నారు. మా బావకు ఈ లోకంలో ఉన్న పదవి ఒక్కటే, ఆ పెనం ముందు పీట. అది ఆయన కింద కదలడం నా కళ్లతో చూశాను.

"రెండోసారి ఏసింది నాను," అన్నాను. "బావ ఏసేసేడని తెలీక ఏసేసేను."

నేను ఆ రోజు పెనానికి పది గజాల దూరంలో కూర్చుని ఉన్నాను. అది కూడా అందరూ చూశారు. అయినా ఎవరూ కాదనలేదు. నా జన్మలో అబద్ధమని తెలిసి కూడా జనం మర్యాదగా ఊరుకున్న అబద్ధం అదొక్కటే.

బావ మొహం విచ్చుకుంది. "నువ్వా ఏసింది? ముందే సెప్పొచ్చు కదరా ఎర్రోడా! నా పరువు తీసేవు."

అప్పటినుంచి నాకు కొత్త పని పడింది. ఎవరు కదిపినా ఒకటే చెప్పేవాణ్ని. "మతి బాగానే ఉన్నాది. సెవుడొచ్చిందంతే. పాకం సప్పుడు ఆనట్లేదు." చెవుడు కొంత నిజమే. నలభై ఏళ్లు గానుగ ఇంజను పక్కన నిలబడితే రాక ఏమవుతుంది? అయినా నేను దాన్ని ముసుగులా వాడుకున్నాను. పల్లెలో చెవుడుకి గొంతు పెంచుతారు, అంతే. మతి తప్పిందంటే గొంతు తగ్గించేస్తారు. మనిషి ఎదురుగా ఉండగానే ఆయన గురించి పక్కవాడితో మాట్లాడడం మొదలుపెడతారు. అది బావకు జరగకూడదనుకున్నాను. నా ఎద్దు బయటపడకూడదని కూడా అనుకున్నాను. ఏది ఎంతో నన్ను అడక్కండి.

ఎద్దు అప్ప దాకా రానే వచ్చింది.

ఒక ఆదివారం వాళ్లింట్లో భోజనానికి కూర్చున్నాం. అప్ప చేపల పులుసు వడ్డిస్తోంది. బావ ఉన్నట్టుండి నవ్వి, "మన పెల్లికి ఎద్దొచ్చినప్పుడు నువ్వెలా పరిగెత్తేవే!" అన్నాడు.

అప్ప గరిటె ఆగింది. "ఏ ఎద్దు?"

"ఎర్రెద్దు. పందిట్లోకి దూరింది కాదేటి?"

"మన పెల్లికి పందిరెక్కడిది?" అంది అప్ప. "వానకి కొట్టుకుపోతే బడి వరండాలో సేసేరు కదా."

ఆ పెళ్లి నాకు తెలుసు. అప్ప చెప్పగా వందసార్లు విన్నాను. తెల్లారేసరికి పందిరి లేదు. ఎలిమెంటరీ స్కూలు వరండాలో పీటలు వేశారు. వెనక నల్లబల్ల మీద ఏడో ఎక్కం చెరపకుండా అలాగే ఉంది. పంతులుగారి నెత్తిన ఒకరు గొడుగు పట్టారు. పెంకుల్లోంచి జల్లు పడుతుంటే బావ తన కండువా తీసి అప్ప నెత్తిమీద కప్పాడు. పెళ్లికొడుకు పీటల మీద అలా చేయకూడదని పెద్దలు కసిరారట. అయినా తీయలేదట. అప్ప జీవితంలో దాచుకున్నది అదే. నగ కాదు, చీర కాదు, ఆ తడి కండువా.

"వానేటి, బడేటి?" అన్నాడు బావ. "నీకే మరుపొచ్చింది. ఎద్దొచ్చింది."

"కండువా కప్పేవు కదా నాకు..."

"ఏ కండువా?"

అప్ప నా వైపు తిరిగింది. "తమ్ముడా, నువ్వున్నావు కదా. ఎద్దొచ్చిందేటి?"

అప్పుడు నాకు అయిదేళ్లు. చెప్పాలనుకుంటే ఇప్పుడు చెప్పొచ్చు. ఎద్దు నాదే అప్పా, తీసుకుపోతాను, అని ఒక్క మాట అనొచ్చు. పులుసు ముక్కలో ముల్లు తీస్తూ కూర్చున్నాను.

"సిన్నోన్ని అప్పా. గురుతు నేదు," అన్నాను.

ఆ ఇంట్లో ఆ పూట గుర్తు లేదని ఒప్పుకున్నది నేనొక్కణ్నే.

మర్నాడు అప్ప ఫోను చేసింది. "ఒరే, డాక్టరుకి సూపించు మీ బావని. గేదె ఈనేలా ఉన్నాది, నాను రాలేను. బయట ఆయనతో తిరిగేవోడివి నువ్వు. ఎప్పటినుంచి ఇలాగున్నాడో నీకే తెలుత్తాది. ఒక్కటీ దాసకుండా సెప్పు."

తీసుకెళ్లాను. బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్లిచూపులకు వెళుతున్నట్టు తల దువ్వుకుని వచ్చాడు. డాక్టరు చిన్న వయసు అమ్మాయి. నెమ్మదిగా, గట్టిగా, మొహంలోకి చూస్తూ మాట్లాడింది. మూడు మాటలు చెప్పి గుర్తుపెట్టుకోమంది. గొడుగు, మామిడికాయ, రిక్షా. ఈ రోజు ఏ వారమని అడిగింది. ప్రతి ప్రశ్నకూ బావ తల నా వైపు తిరుగుతోంది.

"ఆయన్నే చెప్పనివ్వండి," అంది డాక్టరు నాతో.

కాగితం ఇచ్చి గడియారం వేయమంది. బావ గుండ్రం చక్కగా గీశాడు. పన్నెండు అంకెలూ ఒకే పక్కన వేశాడు, బస్సు వెనక సీట్లన్నీ ఖాళీగా ఉన్నా ముందు తలుపు దగ్గరే తోసుకు నిలబడే జనంలా. మూడు మాటల్లో గొడుగు ఒక్కటే మిగిలింది.

"ఎప్పటినుంచి ఇలా ఉంది?" అని నన్ను అడిగింది.

అంతా చెప్పాను. ఏడాది పైనే అయిందన్నాను. చేప, సపోటాలు, సున్నం, ఎద్దు. ఎద్దును ఎవరు పంపారో కూడా చెప్పాను. డాక్టరు నన్ను తిట్టలేదు. అన్నీ రాసుకుని, బావనే చూస్తూ చెప్పింది. "ఇది పెద్ద మతిమరుపు జబ్బు ఇంకా కాదు పెద్దాయనా. దాని గుమ్మం. గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్లందరూ లోపలికి పోరు. కొందరు ఏళ్ల తరబడి అక్కడే ఉంటారు. కొందరు వెనక్కి కూడా వస్తారు." రక్తపరీక్షలు రాసింది. థైరాయిడు, బీ పన్నెండు విటమిను తక్కువైనా మరుపు వస్తుందట. బీపీ, షుగరు అదుపులో ఉండాలట. చుట్ట మానాలట, రోజూ నడవాలట, నలుగురిలో ఉండాలట. చెవికి మిషను పెట్టుకోవాలట. వినబడనివాడికి మాటలు తగ్గిపోతాయి, మాటలు తగ్గితే బుర్రకు పని తగ్గిపోతుంది, అంది.

"అయితే నాను పెనం కాడికి ఎల్లొచ్చా అమ్మా?" అని అడిగాడు బావ. అంతసేపూ ఆయన అడగాలనుకున్నది అదొక్కటే.

"వెళ్లాలి. పక్కన ఒకరిని పెట్టుకుని వెళ్లండి," అంది.

చెప్పినవన్నీ చేశాం. పరీక్షలు, మిషను, నడక. అయినా ఆయన జారిపోయాడు. అలా జరుగుతుంది, ఎవరి తప్పూ ఉండదు.

పోయిన సీజనులో పెనం ముందు పీట మరొకరికి ఇచ్చారు. ఎవరూ పొమ్మనలేదు. పక్కన ఇంకో పీట వేసి బావను కూర్చోబెట్టారు, గౌరవంగానే. పక్క పొలం రైతు నీళ్లలో చుక్కేసి చూస్తున్నాడు. రసం పోసి గంట కూడా కాలేదు. బావ కళ్లు మూసుకున్నాడు, కాసేపటికి తెరిచాడు.

"దించండి," అన్నాడు.

ఎవరూ కదల్లేదు. పెనంలో ఉన్నది ఇంకా రసమే.

"దించండి," అన్నాడు మళ్లీ. ఈసారి గొంతులో కోపం లేదు, భయం ఉంది. ఒకడు అవతలికి తిరిగి పక్కవాడితో చిన్నగా ఏదో అన్నాడు. నేను దేన్ని ఆపాలనుకున్నానో అది జరిగింది. ఆయన ఎదురుగానే గొంతులు తగ్గాయి. అప్ప వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్లింది. ఆ రోజు బెల్లం బాగానే దిగింది. అది ఇంకా కష్టంగా అనిపించింది నాకు.

పరామర్శకు వచ్చేవాళ్లు చాలామందే ఉన్నారు. "వయసు కదా, మామూలే," అంటారు. నలభై ఏళ్లు ఆయన మాట మీద బెల్లం తిన్న నోళ్లు. మామూలే అయితే వాళ్ల ఇళ్లలో ఎందుకు జరగలేదని అడగాలనిపిస్తుంది. అడగను, ఎందుకంటే వాళ్లందరికీ "చెవుడు" అని చెప్పి ఇంటికి పంపినవాణ్ని నేనే.

పోయిన నెల భోజనానికి వెళ్లాను. బావ నన్ను చూసి చాలా మర్యాదగా, "ఏ ఊరు బాబూ మీది?" అన్నాడు. అనకాపల్లి అన్నాను. "మా బావమరిది ఉన్నాడక్కడ. బస్సు నడుపుతాడు. అబద్ధాలకోరు," అన్నాడు. నేను తల వంచుకుని తింటున్నాను. అప్పుడు ఆయనకు తన పెళ్లి గుర్తొచ్చింది. ఎద్దు వచ్చింది, గంట మోగింది.

"ఎద్దొచ్చింది కదే?" అని అప్పను అడిగాడు.

"వచ్చింది," అంది అప్ప.

"ఎర్రెద్దు."

"ఎర్రెద్దే. నాను నీ ఎనకాతలే పరిగెత్తేను."

బావ సంతోషించాడు. అప్ప ఆయన మూతి తుడిచి, కంచం తీసుకుని పెరట్లోకి వెళ్లింది. చాలాసేపు నీళ్ల చప్పుడు వినబడింది. ఒక కంచం కడగడానికి అన్ని నీళ్లు అక్కర్లేదు.

సరే, ఒట్టు సంగతికి వస్తాను. పైన రాసిన దాంట్లో ఒక భాగం కల్పించాను.

చేప నా వృత్తి, దాన్ని వదిలేయండి. సపోటాలు నిజం, సున్నం నిజం, ఎద్దును నేనే తోలాను, అదీ నిజం. నేను కల్పించింది డాక్టరు గదిలో నా నిజాయితీ.

డాక్టరు చెప్పిన ఆ మంచి మాటలు, గుమ్మం మాట, మిషను మాట, నేను విన్నవి కావు. పదకొండు నెలల తరవాత ఆవిడ మా అప్పతో చెప్పినవి. అప్పటికి బావ అనకాపల్లి బస్టాండులో ఇంటి దారి మరిచిపోయి పగలంతా కూర్చున్నాడు. అప్ప విసిగిపోయి తనే తీసుకెళ్లింది. గడియారం వేసింది అప్పుడు, మూడింటిలో రెండు మాటలు పోయింది అప్పుడు. "గుమ్మం దగ్గర ఉన్నప్పుడు వచ్చి ఉంటే ఇవన్నీ చేసి చూసేవాళ్లం. ఇప్పుడు లోపలికి వచ్చేశారు," అందట. "ముందు వచ్చినా ఇలాగే అయ్యేదేమో, చెప్పలేం," అని కూడా అందట. అప్ప ఇంటికొచ్చి ఒక్క మాట పోనివ్వకుండా నాకు అప్పజెప్పింది. చెవి మిషను ఆ తరవాతే వచ్చింది. అలవాటు చేసుకునే వయసూ బుద్ధీ దాటిపోయాయి. చెవిలో పురుగు దూరిందని తీసి గేదె కుడితిలో పడేశాడు. ఆ మాటలన్నిటినీ తెచ్చి మొదటిసారి వెళ్లిన రోజులో పెట్టాను, నేను అడిగి రాబట్టినట్టు.

మొదటిసారి జరిగింది చాలా తక్కువ. డాక్టరు మూడు మాటలు చెప్పి, కాసేపయ్యాక అడిగి, రాసుకోవడానికి తల వంచింది. బావ నా వైపు చూశాడు. నేను పెదవులతో అందించాను. గొడుగు, మామిడికాయ, రిక్షా. ఆయన గట్టిగా చెప్పాడు. ఎప్పటినుంచి ఇలా ఉందని ఆవిడ అడిగింది. ఏడాది అంటే ఏమేం చూశారని అడుగుతుంది, ఎద్దు దాకా వెళుతుంది, ఎద్దు అప్ప దాకా వెళుతుంది.

"రెండు నెలలే మేడం," అన్నాను. "చెవుడు. మతి మాకందరికంటే బాగుంది. నా అబద్ధాలన్నీ పట్టేస్తాడు."

ఆవిడ నవ్వింది. చెవి పరీక్షకూ బలం మాత్రలకూ రాసి, మూడు నెలలు పోయాక ఆయన భార్యను కూడా తీసుకుని తప్పకుండా రమ్మంది. అప్పతో "ఏటీ నేదంట" అన్నాను. మూడు నెలలకు నాకు డ్యూటీ ఉంది. ఆరు నెలలకూ ఉంది.

ఆ రోజు బయటికొచ్చాక బావ మెట్ల మీద ఆగి నా చెయ్యి పట్టుకున్నాడు. ఇస్త్రీ చొక్కా చెమటకు వీపుకి అతుక్కుపోయింది.

"నిజం సెప్పు బావా. నాకేటైనా ఉన్నాదా?"

"ఏటీ నేదు," అన్నాను.

వెంటనే నమ్మేశాడు.